దూత కాని పక్షి: కపోతకథలు, పావురాల టపా - ఒక పరిశీలన

తెలుగు కావ్యాల్లో ప్రేమసందేశాన్ని మోసిన పక్షి హంస. శృంగారనైషధంలో నలుని మాటను దమయంతి చెవిన వేసినది హంస. ప్రభావతీప్రద్యుమ్నంలో రాయబారమంతా తన నేర్పుతో నడిపిన శుచిముఖి కూడా హంసయే. చిలుకకు కథ చెప్పే అధికారం దక్కింది. శుకసప్తతి అందుకు సాక్ష్యం. అయితే లోకవ్యవహారంలో హంస ఏనాడూ ఉత్తరం మోయలేదు. శతాబ్దాల తరబడి రాజులకూ, సైన్యాలకూ, వర్తకులకూ ఉత్తరాలు మోసిన పక్షి పావురం. అటువంటి పావురానికి మన కావ్యసంప్రదాయంలో దౌత్యం దాదాపుగా లభించలేదు. అది శరణార్థిగా కనబడుతుంది, దాంపత్యానికి ఉదాహరణగా కనబడుతుంది, వలలో చిక్కిన కుటుంబీకునిగా కనబడుతుంది. దూతగా మాత్రం కనబడదు.

దీనిని కవిసమయాల ప్రభావంగా చూసి వదలివేయవచ్చు. హంసకు నడక, వివేకం, మానససరోవరం ఉన్నాయి; పావురానికి ఇంటి చూరు తప్ప ఏమున్నదని అనుకోవచ్చు. కాని ఆ చూరులోనే సమాధానం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. పావురం ఎక్కడికో వెళ్లి వార్త చెప్పి వచ్చే పక్షి కాదు. తీసుకుపోయి ఎక్కడ విడిచినా తన ఇంటికి మాత్రమే తిరిగివచ్చే పక్షి. టపా నడిపినవారు ఈ గుణాన్ని వాడుకొన్నారు. కథలు చెప్పినవారు ఇదే గుణాన్ని మరొక దిక్కునుంచి చూశారు. ఈ రెండు చూపులనూ పక్కపక్కన ఉంచితే, నేడు పందేలకూ, వేడుకలకూ, వినోదానికీ పెంచుతున్న పావురాల మంచిచెడ్డలను గురించి కూడా కొంత స్పష్టత వస్తుంది.

పేర్లు, చూరులు

అమరకోశం ఈ పక్షికి పారావతం, కలరవం, కపోతం అనే పర్యాయపదాలను ఇచ్చింది. అదే నిఘంటువులో పావురం మరొకచోట కూడా తగులుతుంది. అది పక్షులను చెప్పే వర్గం కాదు, పట్టణాన్నీ ఇళ్లనూ వర్ణించే పురవర్గం. అక్కడ కపోతపాలిక అనే మాట, దానికి విటంకమనే పర్యాయపదం ఉన్నాయి. భవనపు పైభాగాన పావురాలు వాలడానికి, కాపురముండడానికి ఏర్పాటు చేసిన భాగానికి అవి పేర్లు. దేవాలయ వాస్తులో చూరువలె వంగి ముందుకు వచ్చే అలంకార భాగాన్ని కపోతమనే అంటారు. మేఘసందేశంలో ఉజ్జయిని రాత్రిని వర్ణించేటప్పుడు కాళిదాసు ఇంటికప్పుల మీద నిద్రించే పావురాలను మరవలేదు. గమనించదగిన విషయం ఏమిటంటే, ఆ కావ్యంలో సందేశం మేఘానికి దక్కింది. అదే కావ్యంలో ఉన్న పావురం నిద్రపోతున్నది.

తెలుగులో పావురం, పావురాయి, గువ్వ అనే మాటలు వాడుకలో ఉన్నాయి. గువ్వ ముఖ్యంగా పొలాల్లో, పొదల్లో తిరిగే చిన్నజాతికి పేరు. ఇళ్లను ఆశ్రయించి బతికేది పావురం. తెలంగాణ వ్యవహారంలో పావురమంటే ప్రేమ, ఆప్యాయత అనే అర్థం కూడా ఉంది. బిడ్డను పావురంగా పెంచుకొన్నామని అక్కడ సహజంగా అంటారు. ఈ రెండు పావురాలూ ఒకే మాట అని నిరూపించే ఆధారం నా దగ్గర లేదు, కనుక ఆ పోలికపై ఏ వాదాన్నీ నిలబెట్టను. అయినా ఈ అంశంపై పని చేస్తున్నంతకాలం ఆ మాట మనస్సును వదలలేదని ఒప్పుకోవాలి.

ఈ ప్రతిపాదనకు ఎదురుగా నిలిచే సాక్ష్యం ఒకటి ఉంది. ఋగ్వేదం పదవ మండలంలోని 165వ సూక్తంలో కపోతం దూతగానే పేర్కొనబడింది. అయితే అది నిర్ఋతి పంపిన దూత, మృత్యువుకు సంబంధించిన దూత. సూక్తం కోరేది ఆ పక్షి ఇంటికి కీడు చేయకుండా వెళ్లిపోవాలని. ఇంట పావురం చేరరాదనే నమ్మకం నేటికీ కొన్ని కుటుంబాల్లో వినిపిస్తుంది. కాబట్టి పావురానికి దౌత్యం బొత్తిగా లేదనడం సరికాదు. కాని ఆ దౌత్యం సందేశం మోయడం కాదు, రాకయే అక్కడ సందేశం. పైగా ఆ భయానికి కారణం కూడా పావురం ఇంటిని పట్టుకొని ఉండే పక్షి కావడమే. తరువాతి ఇతిహాస పురాణాలు ఈ అపశకునపు ఛాయను చాలావరకు విడిచిపెట్టి, పావురాన్ని గృహస్థుగా మార్చాయి.

గృహస్థు కపోతం

శిబి కథ అందరికీ తెలిసినదే. డేగ తరుముతుండగా పావురం రాజు ఒడిలో పడుతుంది. ఆయన దానికి బదులుగా తన మాంసాన్ని తూచి ఇస్తాడు. సంస్కృత భారతంలోని అరణ్యపర్వంలో ఈ కథ ఒకచోట ఉశీనరునికీ, మరొకచోట అతని కుమారుడైన శిబికీ చెల్లుతుంది. పాలి జాతకంలో శిబి ఇచ్చినవి కన్నులు. పావురం కోసం శరీరాన్ని ఇచ్చిన కథ సంస్కృత బౌద్ధ సంప్రదాయంలో విస్తరించింది. నాగార్జునకొండ శిల్పాల్లో పావురంతో కూడిన శిబికథ చోటు చేసుకొన్నది కనుక, కృష్ణాతీరంలో ఈ కథ భారతం తెలుగు కావడానికి ఎన్నో శతాబ్దాల ముందే రాతిలో ఉన్నదన్నమాట. ఇక్కడ పావురం కేవలం శరణార్థి. దాని స్వభావాన్ని గురించి కథ ఎక్కువగా చెప్పదు; చెప్పవలసినదంతా రాజును గురించే.

పావురం స్వభావం పూర్తిగా తెలియాలంటే శాంతిపర్వానికి వెళ్లాలి. భీష్ముడు ధర్మరాజుకు శరణాగత రక్షణను బోధిస్తూ కపోత, లుబ్ధకుల కథ చెబుతాడు. గాలివానలో చిక్కిన వేటగాడు చలికి వణుకుతూ ఒక చెట్టు కిందికి చేరుతాడు. అతని పంజరంలో ఒక ఆడపావురం బందీగా ఉంది. ఆ చెట్టుమీదే దాని మగపావురం తన జోడు ఇంకా రాలేదని దుఃఖిస్తున్నది. ఇల్లాలు లేని ఇల్లు అడవితో సమానమని ఆ పక్షి నోట వచ్చే భావం తరువాత లోకోక్తిగా స్థిరపడింది. పంజరంలోని ఆడపావురం ఆ ఏడుపు విని, తనను విడిపించమని అడగదు; వచ్చినవాడు అతిథి, ఆదరించమని భర్తకు చెబుతుంది. మగపావురం నిప్పు తెచ్చి చలి కాచుకోనిస్తుంది. పెట్టడానికి ఆహారం లేక తానే ఆ మంటలో దూకుతుంది. వేటగాడు పశ్చాత్తాపంతో పంజరం తెరుస్తాడు.

పక్షిశాస్త్రం తెలిసిన పాఠకుని ఇందులో ఆకర్షించేది కథలోని పరిశీలన. పావురాలు జంటకట్టి, సాధారణంగా ఆ జంటను విడువక కాపురం చేస్తాయి. రెండు గుడ్లు పెడతాయి. పగటివేళ ఎక్కువగా మగది, మిగిలిన సమయమంతా ఆడది పొదుగుతాయి. సుమారు 18 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. తొలిదినాల్లో తల్లీతండ్రీ ఇద్దరూ తమ గొంతు సంచిలో ఊరే పాలవంటి పదార్థాన్ని పిల్లలకు నోటితో అందిస్తాయి. పక్షుల్లో తండ్రి కూడా పాలిచ్చే జాతులు బహు అరుదు. ఆడది వేళకు రాకపోతే మగది చెట్టుమీద కూర్చొని ఎదురుచూడడమన్నది కవి కల్పించిన కరుణ మాత్రమే కాదు, పెంపకందారు ప్రతిదినం చూసే దృశ్యం.

ఇదే పరిశీలనపై భాగవతం పూర్తిగా భిన్నమైన తీర్పు ఇచ్చింది. ఏకాదశస్కంధంలో అవధూత తనకు గురువులైన ఇరవైనలుగురిని పేర్కొంటాడు. వారిలో కపోతం ఒకటి. పావురాల జంట మేతకు పోయినప్పుడు పిల్లలు వలలో చిక్కుకొంటాయి. తల్లి చూసి తానూ వలలో పడుతుంది. తండ్రి వారు లేని బతుకు వ్యర్థమని వగచి, కన్నులు తెరిచి ఉండగానే వలలోకి వెళ్తుంది. అతిస్నేహం ఎంతటి కీడో ఈ పక్షి నాకు నేర్పిందని అవధూత అంటాడు. పోతన భాగవతంలో ఈ స్కంధాన్ని తెలుగు చేసినవాడు వెలిగందల నారయ.

శాంతిపర్వంలో ధర్మమైనది భాగవతంలో బంధమైంది. రెండు పాఠాలూ పరస్పర విరుద్ధంగా కనిపించినా, పావురాన్ని గురించి చెప్పే వాస్తవం ఒక్కటే: ఆ పక్షి ఎటు పోయినా గూటికీ, జోడుకూ కట్టుబడి ఉంటుంది. దానిని సద్గుణమనాలా, దౌర్బల్యమనాలా అన్నదే వివాదం. పంచతంత్రంలోని చిత్రగ్రీవుని కథ ఈ వివాదంలో చేరదు. అక్కడ పావురాలు కలసికట్టుగా వలను ఎత్తుకుపోయి హిరణ్యకుని చేత విడిపించుకొంటాయి; అది మైత్రినీతి. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రిక మూలంగా తరతరాల తెలుగు విద్యార్థులకు పావురమనగానే ఈ కథయే జ్ఞప్తికి రావడం వల్ల, పై రెండు కథలు కొంత మరుగున పడ్డాయని నా అభిప్రాయం.

ఇష్క్‌బాజీ

గృహస్థు కపోతం నుంచి మొగలు దర్బారు పావురాలకు వచ్చేసరికి భాష మారుతుంది, ప్రేమ అనే మాట మాత్రం మారదు. పావురాలను ఎగరవేసే వినోదానికి అక్బరు పెట్టిన పేరు ఇష్క్‌బాజీ, అంటే ప్రేమక్రీడ. అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో దీనికి ప్రత్యేక ప్రకరణమే కేటాయించాడు. దర్బారులో 20,000కు పైగా పావురాలుండేవనీ, వాటిలో 500 మాత్రమే ఉత్తమశ్రేణివనీ చెప్పాడు. పూర్వం ఒక విడతకు 11 లేదా 21 పావురాలను ఎగరవేసేవారు; అక్బరు కాలానికి ఆ సంఖ్య 101కి పెరిగింది. చక్రంవలె తిరగడం, ఆకాశంలో పల్టీలు కొట్టడం శిక్షణతో నేర్పిన విద్యలు. వాటి మేతగా ఏడు రకాల ధాన్యాల మిశ్రమం పేర్కొనబడింది. జాతులను వర్ణిస్తూ, ఉత్తరాలు మోయడానికి పనికివచ్చే జాతిని విడిగా చెప్పి, శిక్షణ ఇస్తే ఇతర జాతులు కూడా దూరం నుంచి ఉత్తరాలు తేగలవని అబుల్ ఫజల్ గుర్తించాడు. తెలుగులో నేటికీ వినిపించే లక్కా పావురాయి అనే మాటలోని లక్కా ఆ జాబితాలో ఉన్న జాతిపేరే. తోకను విసనకర్రవలె విప్పి నడిచే అలంకారజాతి అది.

ఆ వంశంలో ఈ వ్యసనం పాతదే. బాబరు తండ్రి ఉమర్ షేక్ మీర్జా 1494లో అఖ్సీ కోటలో పావురాల గూడు కట్టిన కట్టడం లోయలోకి కూలినప్పుడు దానితోపాటు పడి మరణించాడు. ఈ సంగతిని బాబరు తన స్వీయచరిత్ర తొలిపుటల్లోనే వ్రాసుకొన్నాడు.

దర్బారు శిబిరం కదిలినప్పుడు పావురాలు కూడా గూళ్లతో సహా కదిలేవి. ఇది మన వాదానికి చిన్న చిక్కు తెస్తుంది. ఇల్లు కదిలితే ఇంటికి చేరడమంటే ఏమిటి? పావురం గుర్తుపెట్టుకొనేది భూమిమీది చోటునా, గూటినా? అలవాటు చేస్తే కదిలే గూటిని కూడా పావురం ఇల్లుగా స్వీకరిస్తుందని తరువాతికాలపు సైన్యాలు బండ్లమీద గూళ్లు కట్టి నిరూపించాయి. అయితే అది లేత వయస్సులో అలవాటైన పక్షులకు మాత్రమే తేలిక. ఎదిగిన పావురాన్ని కొని కొత్త గూటికి తెచ్చినవారు దానిని విడిచిన మరుక్షణం పాత యజమాని ఇంటికి పోవడం చూసి ఆశ్చర్యపోతారు. అందుకే హైదరాబాదు పాతబస్తీ మొదలుకొని లక్నో, ఢిల్లీ వరకు కబూతర్‌బాజీ నడిచే చోట్ల కొత్త పావురానికి కొంతకాలం రెక్కల ఈకలను దారంతో కట్టడమో, కత్తిరించడమో చేస్తారు. ఇష్క్‌బాజీ అనే అందమైన పేరు వెనుక ఉన్న పని ఇది: ఒక ఇంటిమీది ప్రేమను తెంచి మరొక ఇంటిమీద నాటడం. ప్రత్యర్థి మందలోని పక్షిని తన మందలో కలుపుకొని దించుకోవడమే ఆటలో విజయమైనప్పుడు, ఆ తెంచడమే ఆటకు ప్రాణం.

అక్బరు పావురాల సంగతి చార్లెస్ డార్విన్ దాకా చేరింది. 1859 నాటి జాతుల ఉత్పత్తి గ్రంథంలో మొదటి అధ్యాయంలోనే పెంపుడు పావురాల చర్చ ఉంది. అక్బరు దర్బారుతో 20,000 పావురాలు కదిలేవన్న వివరమూ ఉంది. ఆ చర్చకు భారతదేశం నుంచి పావురాల చర్మాలు పంపినవాడని డార్విన్ కృతజ్ఞతతో పేర్కొన్న వాల్టర్ ఇలియట్, తెలుగు చరిత్ర విద్యార్థులకు సుపరిచితుడు. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసినవాడు. 1845లో అమరావతి స్తూపం వద్ద తవ్వకాలు జరిపించి శిల్పాలను మద్రాసుకు తరలించినవాడు. డార్విన్ 1856లో ఆయనకు ఉత్తరం వ్రాసి ఇక్కడి పెంపుడు పక్షుల నమూనాలను కోరాడు. ఆ తరువాత, 1770లో మరణించిన సయ్యద్ మహమ్మద్ ముసారీ పారసీకంలో పావురాలపై వ్రాసిన గ్రంథాన్ని ఇలియట్ ఆంగ్లంలోకి అనువదించి డార్విన్‌కు అందజేశాడు. 1868లో వెలువడిన పెంపుడు జంతువుల గ్రంథంలో డార్విన్ దానిని ఉపయోగించుకొన్నాడు. అమరావతి శిల్పాల ద్వారా ఇలియట్‌ను గురించి చదివే మనం, పావురాల ద్వారా ఆయన చేసిన ఈ పనిని దాదాపుగా ప్రస్తావించము. పారసీక పశుపక్షి వాఙ్మయానికీ దక్షిణాదికీ ఉన్న సంబంధాన్ని ఎవరైనా విడిగా పరిశోధించవలసి ఉంది.

ఒకవైపు టపా

పావురం దూత కాదన్న మాటకు చరిత్రలో అత్యంత స్పష్టమైన నిదర్శనం పారిస్ ముట్టడి. 1870 సెప్టెంబరు నుంచి 1871 జనవరి వరకు ప్రష్యా సైన్యాలు ఆ నగరాన్ని చుట్టుముట్టాయి. నగరంలోని పావురాలు బయటికి వార్తలు తీసుకుపోలేవు, ఎందుకంటే వాటి ఇల్లు నగరంలోనే ఉంది. కనుక వాటిని గాలిగుమ్మటాల్లో నగరం దాటించి, బయట ఉన్నవారు వ్రాసిన ఉత్తరాలను సూక్ష్మఛాయాచిత్రాలుగా తీసి, తోక ఈకకు కట్టిన సన్నని గొట్టంలో పెట్టి విడిచేవారు. వెళ్లేది మనిషి ఏర్పాటు. రావడం ఒక్కటే పక్షి పని. మూడు వందలకు పైగా పావురాలను విడిస్తే, తిరిగి చేరినవి అరవైకి లోపే. చలి, మంచు, డేగలు, తుపాకులు మిగిలినవాటిని తీసుకొన్నాయి. చేరిన పక్షులను కీర్తించిన రచనలు ఎన్నో ఉన్నాయి గాని, చేరని పక్షులు ఆ కీర్తిలో భాగం కాలేదు.

మన పొరుగున ఒడిశా పోలీసు శాఖ పావురాల టపాను ఇరవయ్యో శతాబ్దం చివరి వరకూ నడిపింది. 1946లో సైన్యం అప్పగించిన 200 పావురాలతో అది కోరాపుట్ జిల్లాలో మొదలైంది. కోరాపుట్ కొండ ప్రాంతం 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేవరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. జయపురం సంస్థానపు అడవులు, ఘాట్ రోడ్లు, తంతి తీగలు చేరని ఠాణాలు తెలుగు జిల్లా కాగితాల్లో నమోదైన భూభాగమే. అక్కడ మనిషి రెండు రోజుల్లో నడిచే దారిని పావురం కొద్ది గంటల్లో దాటుతుంది. 1948లో ఈ సేవకు కటక్ ప్రధాన కేంద్రమైంది. అదే ఏడాది ఏప్రిల్ 13న సంబల్‌పూర్‌లో ఉన్న నెహ్రూ, కటక్‌లో జరగబోయే బహిరంగసభలో వక్తకూ ప్రజలకూ నడుమ ఎడం ఉండరాదని అధికారులకు పావురం ద్వారా కబురు పంపాడు. 1982 వరదల్లో బంకి పట్టణానికి ఇతర సంబంధాలు తెగిపోయినప్పుడూ, 1999 పెనుతుపాను అనంతరమూ ఈ పావురాలే ఆదుకొన్నాయి.

ఆ సేవ మూడు పద్ధతుల్లో నడిచేది. స్థిరమైన గూటికి తిరిగివచ్చే పద్ధతి మొదటిది. గస్తీదళాల వెంట కదిలే గూళ్లది రెండవది. మూడవది విశేషమైనది. పావురానికి ఒకచోట నివాసం, మరొకచోట మేత అలవాటు చేస్తారు. ఉదయం ఆకలితో ఇంటినుంచి మేత చోటుకు పోతుంది, తిన్న తరువాత ఇంటికి వస్తుంది. ఈ విధంగా ఒకే పక్షి రెండువైపులా ఉత్తరం మోస్తుంది. పావురాన్ని హంసగా మార్చిన ఏకైక ఉపాయం ఇదేననవచ్చు. కాని ఇక్కడ కూడా పక్షి దూతగా మారలేదు. దాని ఇల్లు రెండు ముక్కలైంది: గూడు ఒకచోట, గింజ ఒకచోట. భారతంలో కపోతవృత్తి అనే మాట ఉంది. పొలంలో రాలిన గింజలను ఏరుకొని, నిలవ చేయక, ఏనాటికానాడు బతకడమని దాని అర్థం. కురుక్షేత్రంలో సక్తుప్రస్థుడు ఆ వృత్తితో జీవించాడు. రేపటికి దాచుకోని ఆ గుణమే పోలీసు పావురాన్ని రోజూ ప్రయాణం చేయించింది.

ఇంటిదారి

పావురం ఇల్లు ఎలా కనుగొంటుందన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఒక్క సమాధానంతో తృప్తిపడలేదు. 1950లలో జర్మన్ పరిశోధకుడు గుస్తావ్ క్రామర్, పక్షికి దిక్సూచి ఒకటి, పటం ఒకటి రెండూ కావాలని ప్రతిపాదించాడు. సూర్యుడు దిక్సూచి అన్న విషయం ప్రయోగాల్లో తేలింది. పావురాన్ని కృత్రిమ వెలుతురులో ఉంచి దాని దినచర్యను ఆరు గంటలు జరిపి విడిస్తే, అది ఇంటిదిక్కుకు దాదాపు లంబంగా బయలుదేరుతుంది; పొద్దును తప్పుగా లెక్కగట్టుకొంటుంది. మబ్బు పట్టిన రోజు అయస్కాంతాలు కట్టిన పావురాలు దారి తప్పుతాయని అమెరికాలో విలియం కీటన్ 1971లో చూపాడు. మరుసటి ఏడాది ఇటలీలో ఫ్లోరియానో పాపి బృందం, వాసన తెలియకుండా చేసిన పావురాలు తెలియని చోటునుంచి ఇంటికి చేరలేకపోతున్నాయని గుర్తించింది; గాలి తెచ్చే వాసనలే వాటి పటమని వాదించింది. ఇంటికి దగ్గరయ్యాక తెలిసిన దారినే పట్టుకొంటాయనీ, కొన్ని రహదారుల వెంబడే మలుపు తిరుగుతాయనీ ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పక్షుల వీపున ఉపగ్రహ సూచికలు కట్టి కనుగొన్నారు.

పటం వాసనతో తయారవుతుందా, అయస్కాంత క్షేత్రంతోనా అన్న చర్చ ఇంకా ముగియలేదు. సాహిత్య విద్యార్థికి అందులో తీర్పు చెప్పే అర్హత లేదు. కాని ఈ ప్రయోగాలన్నిటికీ ఆధారమైన ఒక సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు. ఎక్కడికో పొమ్మంటే పావురం పోదు. ప్రయోగం జరగాలన్నా దానికి ఒక ఇల్లు ఉండాలి, ఆ ఇంటిమీద దానికి మమకారం ఉండాలి. మార్గం తెలియడం శాస్త్రానికి ప్రశ్న అయింది. తిరిగిరావాలని కోరడం ప్రశ్నగా మిగలలేదు. శాంతిపర్వపు కథకుడు మాత్రం ఆ రెండవదానినే పట్టుకొన్నాడు.

పందెపు పావురాల పెంపకంలో ఆ రెండవ విషయం బాగా తెలుసు. బెల్జియంలో అభివృద్ధి చెంది, నేడు పందేలు జరిగే చాలా దేశాల్లో అనుసరిస్తున్న పద్ధతికి పెంపకందార్లు పెట్టిన పేరుకు అచ్చమైన తెలుగు అర్థం వైధవ్యం. జంటను విడదీసి, వారమంతా మగపావురాన్ని ఒంటరిగా ఉంచుతారు. పందేనికి తీసుకుపోయే ముందు కొద్ది నిమిషాలు ఆడదానిని చూపుతారు. వెంటనే బుట్టలో పెట్టి వందల కిలోమీటర్ల దూరానికి తరలించి విడుస్తారు. ఆ పక్షి గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో ఇంటికి వస్తుంది. వచ్చిన వెంటనే జోడు కనబడుతుంది. గూటిలో పిల్లలున్న తల్లిని, అవి ఫలానా వయస్సులో ఉన్నప్పుడే పందేనికి పంపడం కూడా అలవాటులో ఉన్న ఉపాయమే. చెన్నైలో ఈ పందేలకు పాత చరిత్ర ఉంది. అక్కడి పావురాలు ఉత్తరదిక్కున తెలుగు పట్టణాలకూ, ఇంకా పైకి నాగపూరు వైపుకూ ప్రయాణమై, తిరుగుదారిలో మన పొలాల మీదుగా ఎగిరిపోతాయి. కృష్ణాతీరాన ఆకాశంలో ఒంటరిగా, దిక్కు మారకుండా, వాలకుండా పోయే పావురం కనిపిస్తే, అది ఇటువంటి వైధవ్యాన్ని మోస్తున్న పక్షి కావచ్చు.

ఈ పెంపకందార్లందరినీ క్రూరులని అనడం అన్యాయం. వారిలో చాలామంది పక్షి మేతకూ, నీటికీ, వైద్యానికీ, గాలి ఆడే గూటికీ చూపే శ్రద్ధను ఎవరూ తక్కువ చేయలేరు. ఇల్లు బాగులేకపోతే పావురం తిరిగిరాదని వారికి తెలుసు. నా అభ్యంతరం మరొక చోట. ప్రేమను ఇంధనంగా వాడుకొనే పద్ధతిలో, దారిలో పోయిన పక్షి లెక్క నష్టంగా మాత్రమే వ్రాయబడుతుంది. డేగ పట్టినవి, తీగలకు తగిలినవి, దాహంతో వాలి మరెవరికో చిక్కినవి, గూటిలో ఎదురుచూసే జోడు దృష్టిలో నష్టం కాదు. శాంతిపర్వంలో చెట్టుమీద ఏడ్చిన మగపావురం మాట్లాడింది కాబట్టి మనకు తెలిసింది.

చట్టం దృష్టి వేరు. 2011లో గుజరాత్ హైకోర్టు, రెక్కలకూ తోకలకూ పట్టీలు వేసి పంజరాల్లో కుక్కి అమ్మకానికి ఉంచిన పక్షుల కేసులో, పక్షులకు ఆకాశంలో స్వేచ్ఛగా తిరిగే హక్కు ఉన్నదని పేర్కొని వాటిని విడిపించమని ఆదేశించింది. ఆ తీర్పులోని దయ నిస్సందేహం. కాని పావురం విషయంలో ఆకాశం ఒక్కటే స్వేచ్ఛ కాదు. గూటినుంచి కొనుక్కొచ్చిన పందెపు పావురం విడిస్తే అమ్మినవాని ఇంటికే పోవచ్చు. తరతరాలుగా పంజరంలో, అలంకారం కోసం పెరిగిన తెల్లని పక్షికి పోవడానికి చోటే ఉండదు. స్వాతంత్ర్య దినాన, వివాహాల్లో, సభాప్రారంభాల్లో శాంతికి గుర్తుగా చేతిలోనుంచి ఎగరవేసే తెల్ల పక్షుల్లో గూడు మరిగిన జాతి అయితే సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. లక్కా పావురాయో, సన్నని తెల్ల గువ్వో అయితే ఆ మైదానం పక్కన ఏదో గోడమీద వాలి, గద్దకో పిల్లికో చిక్కుతుంది. ఛాయాచిత్రంలో రెంటికీ తేడా ఉండదు. ఒడిశాలో టపా పని నిలిచిపోయిన తరువాత కటక్ గూటిలో ఉంచిన పావురాలను వేడుకల్లో ఎగరవేస్తారు. అవి చుట్టు తిరిగి తమ గూటికే వస్తాయి.

కపోత, లుబ్ధకుల కథను వేటగాని హృదయపరివర్తనగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఆ పరివర్తన తరువాత జరిగినదానిని వ్యాఖ్యాతలు పాతివ్రత్యమనే ఒక్క మాటతో ముగిస్తారు. వేటగాడు బోనునూ, కర్రనూ, వలనూ పారవేసి, ఆడపావురాన్ని విడిచిపెట్టాడు. ఆమెకు రెక్కలున్నాయి, పంజరం తలుపు తెరిచి ఉంది, గాలివాన వెలిసింది. ఆమె ఎగిరి ఎక్కడికీ వెళ్లలేదు. తన జోడు దూకిన మంట చుట్టూ తిరిగి, అందులోనే వాలింది.